పారదర్శకపు తొడుగులతో పలువరుసను సరిచేయుట

సూరతు నగరమున లింబాయతు మొదలగు పేటలలో మరమగ్గముల నాశ్రయించి జీవించు తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వీరిలో చాలమంది తెలంగాణమునుండి తరలివచ్చిన పద్మశాలీలు. ఈ చిన్న పుస్తకము ముఖ్యముగా వారిని దృష్టియందుంచుకొని వ్రాయబడినది. ఎగుడుదిగుడు పండ్లను సరిచేయుటకు పూర్వము లోహపు తీగెలే ప్రధాన సాధనములు. కంటికి కనబడని తొడుగులతోనే ఆ పని జరుగునని నేటి ప్రకటనలు చెప్పుచున్నవి. అది కొంతవరకు నిజమే. కాని ఆ ప్రకటనలు చెప్పక విడిచినవి కొన్ని గలవు. ధనము చెల్లించుటకు ముందే వానిని తెలిసికొనుట మేలు.

ఈ తొడుగును అలైనరు అందురు. ఇది పలుచని ప్లాస్టిక్ రేకుతో, రోగి పండ్ల కొలతకు సరిగా చేయబడును. భావము క్రొత్తది కాదు. అమెరికా దంతవైద్యుడు కెస్లింగు 1945లో రబ్బరుతో ఇట్టి సాధనమొకటి చేసెను. ఇట్టివానిని వరుసగా ఒకదాని తరువాత నొకటి ధరింపజేసినచో పండ్లను ఎక్కువ దూరము జరుపవచ్చునని ఆయన అప్పుడే ఊహించెను. కాని ప్రతి మెట్టునకు చేతితో అచ్చు తీయుట పెద్ద శ్రమ. కంప్యూటరు వచ్చిన పిదపగాని అది సులభసాధ్యము కాలేదు. 1997లో కాలిఫోర్నియాలో స్థాపింపబడిన అలైన్ టెక్నాలజీ సంస్థ, మరుసటి సంవత్సరము అచటి ప్రభుత్వానుమతి పొంది, ఇన్విజలైన్ అను పేర దీనిని ప్రచారములోనికి దెచ్చినది. ఇప్పుడు మన దేశమునను ఇట్టి తొడుగులు తయారగుచున్నవి.

పన్ను ఎట్లు కదలునో తెలిసిననే తక్కినదంతయు బోధపడును. పన్ను ఎముకలో మేకువలె దిగగొట్టబడి యుండదు. వేరునకును ఎముకకును నడుమ, మిల్లీమీటరులో ఐదవవంతు మందముగల నారపొర యొకటి యుండును. తొడుగు పంటిని ఒక ప్రక్కకు నొక్కినప్పుడు, ఒత్తిడి తగిలిన వైపున ఎముక మెల్లగా కరగును. ఖాళీయైన వైపున క్రొత్త ఎముక కట్టుకొనును. ఇది సజీవ కణములు చేయు పని. ఒత్తిడి కొన్ని గంటలపాటు ఎడతెగక యున్నగాని అవి పనికి పూనుకొనవు. తొందరపెట్టినచో వేరునకే హాని. కావున ఒక్కొక్క తొడుగు పంటిని సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపునట్లు చేయుదురు. మూడు మిల్లీమీటరులు జరుగవలసిన పంటికి పండ్రెండు తొడుగులు కావలెను. ఒక్కొక్కటి పదిదినములు ధరించినను నాలుగు మాసములు పట్టును. చిక్కు ఎక్కువగా నున్నచో ఏడాది, ఏడాదిన్నర, అంతకు మించియు పట్టవచ్చును.

దినమునకు ఇరువదినుండి ఇరువదిరెండు గంటలు తొడుగు నోటియందుండవలెను. ఈ నియమమే చికిత్సకు ప్రాణము. లోహపు తీగెలను వైద్యుడు అంటించి పంపును, రోగి మరచినను అవి పనిచేయుచుండును. తొడుగు అట్లు కాదు, తీసి బల్లమీద పెట్టిన క్షణమున దాని పని నిలిచిపోవును. నీరు తప్ప ఏమి తినుటకైనను, త్రాగుటకైనను దానిని తీయవలెను. ఇప్పుడు మగ్గముల కార్ఖానాలో పండ్రెండు గంటల షిఫ్టు చేయువాని దినచర్యను లెక్కింపుడు. మూడు పూటల తిండికి, పండ్లు తోముటకు అరగంట చొప్పున గంటన్నర. ఐదుసార్లు చాయకు పావుగంట చొప్పున గంటంబావు. అప్పటికే రెండుముప్పావు గంటలైనది. వైద్యుడు ఇరువదిరెండు గంటలు చెప్పియున్నచో ముప్పావుగంట తక్కువ పడినది. ఈపైన మావా నములు అలవాటున్నచో లెక్క పూర్తిగా తప్పును. తొడుగు తీయకయే చాయ త్రాగెదనన్న, వేడికి ప్లాస్టిక్ వంగిపోవును, రంగు పట్టును, చక్కెర పంటికిని తొడుగునకును నడుమ నిలిచి పుప్పిపండ్లు కలుగజేయును. కావున చాయను రెండుసార్లకు తగ్గించుకొనగలనా అని తన్ను తాను ప్రశ్నించుకొన్న పిదపనే ఈ చికిత్సకు ఒప్పుకొనవలెను. ఒప్పుకొనలేనివారికి లోహపు తీగెలే మేలు. సామాన్యముగా వాని వెలయు తక్కువ.

సెలవు దినముల సంగతి వేరు. నగరమునకు నైరుతి దిక్కున నున్న డుమస్ సముద్రతీరమునకు, ఆ నల్లని ఇసుకకును టమాటా బజ్జీలకును ఆశపడి ఆదివారములందు జనము తండోపతండములుగా పోవుదురు. తొడుగులు పోగొట్టుకొనుటకు ఇంతకంటె అనువైన చోటు లేదు. బజ్జీలు వచ్చినవి, తొడుగు తీసి కాగితములో చుట్టి ప్రక్కన పెట్టితిరి, తినుట ముగియగానే కాగితములన్నియు ఊడ్చి పారవేసితిరి. పారదర్శకపు వస్తువు ఎవరి కంటబడును? దానికిచ్చిన డబ్బీని జేబులో నుంచుకొనుటయే ఉపాయము. ఎండలో నిలిపిన వాహనమున దానిని విడువరాదు. తినిన పిదప నోరు పుక్కిలించి, తొడుగును చల్లని నీటితో కడిగి మరల ధరింపవలెను; వేడినీరు కూడదు. తొడుగు పోయినచో వైద్యునికి వెంటనే తెలుపుడు. ఆయన పాతదానిని కొన్నిదినములు ధరింపుమనవచ్చును, లేదా తరువాతిదానికి పొమ్మనవచ్చును. అందుచేత ముగిసిన తొడుగును వెంటనే పారవేయరాదు.

క్రొత్త తొడుగు పెట్టిన మొదటి రెండుమూడు దినములు పండ్లు బిగుసుకొనినట్లు, కొరుకునప్పుడు నొప్పిగా నుండును. ఇది సహజము. లాలాజలము ఎక్కువగా ఊరును. స, శ అను అక్షరములు కొన్నాళ్లు తడబడును. బిగ్గరగా చదువుట మంచి అభ్యాసము. కొన్ని పండ్లమీద పంటిరంగు గల చిన్న బొడిపెలను అంటింతురు, తొడుగునకు పట్టు దొరకుటకు. దగ్గరనుండి చూచువారికి అవి కనబడును. అచ్చముగా కనబడదనుట అతిశయోక్తియే. స్థలము చాలనిచోట పండ్ల నడుమ పింగాణిపొరను అత్యల్పముగా అరగదీయుటయు కలదు. ముందు వేసిన లెక్క ప్రకారమే పండ్లన్నియు కదలవు. కావున చివర మరికొన్ని తొడుగులు చేయించవలసి వచ్చుట మామూలే. దాని వెల మొదటి ఒప్పందములో చేరియున్నదో లేదో అడిగి తెలిసికొనుడు.

చిగుళ్ల వ్యాధి యున్నవారికి హెచ్చరిక. వేళ్లను పట్టియుంచు ఎముక వాపుచే క్షీణించుచుండగా పండ్లను జరిపినచో అవి వదులై ఊడిపోవచ్చును. పొగాకు నమలువారికి ఈ వ్యాధి నొప్పి లేకయే ముదురును. కావున ఎక్స్-రే తీయించి, చిగుళ్లను బాగుచేయించుకొని, పిదపనే తొడుగుల మాట తలపెట్టవలెను. నల్లగొండ జిల్లావంటి ఫ్లోరైడు ప్రాంతములలో బాల్యము గడపి, పండ్లపై మచ్చలు గలవారు ఆ సంగతి వైద్యునికి చెప్పవలెను. అట్టి పింగాణిపై బొడిపెలు సులభముగా అంటుకొనవు.

వైద్యుని చూడకయే అచ్చు పంపి, టపాలో తొడుగులు తెప్పించుకొను పద్ధతియు ఒకటి బయలుదేరినది. అమెరికాలో ఆ వ్యాపారమున పేరుపొందిన స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 డిసెంబరులో మూతబడగా, చికిత్స నడుమనున్నవారికి దిక్కు తోచలేదు. ఎక్స్-రే లేక వేళ్లను, ఎముకను చూచుట సాధ్యము కాదు. పలువరుస సరిచేయు శాస్త్రమున ఎం.డి.ఎస్. పట్టము పొందినవారిని అడుగుట మంచిది. అహమదాబాదు, హైదరాబాదు నగరములలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలోను సలహా పొందవచ్చును. దవడ ఎముకలలోనే తేడా యున్నప్పుడు ఏ తొడుగైనను చాలదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

చివరి తొడుగు తీసిననాడు చికిత్స ముగిసినట్లు కాదు. నారపొరయు చిగుళ్లును పాత స్థానమునకు పంటిని లాగుచునే యుండును. అందువలన రిటైనరు అను మరియొక తొడుగును మొదట రాత్రింబవళ్లు, పిమ్మట రాత్రులందు, ఏండ్లతరబడి ధరింపవలెను. క్రిందివరుస ముందరిపండ్లు అన్నిటికంటె త్వరగా వెనుకకు మళ్లును. కొన్నాళ్లు మాని మరల పెట్టినప్పుడు రిటైనరు బిగువుగా నున్నచో పండ్లు అప్పటికే కదలినవని తెలిసికొని, బలవంతముగా నొక్కక, ఆ వారములోనే వైద్యునికి చూపుడు.