ఎడారి అన్నారు, బంజరు అన్నారు

విశాఖ పూర్ణా మార్కెట్ నూనె కొట్లలో పేర్చిన సోయా ప్యాకెట్ల వెనక ఎక్కడో ఓ పెద్ద పచ్చిక ఉంది. మన దేశం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనాది. అక్కడ ఆ పంటకు పుట్టిల్లు లాంటిది పంపా నేల.

ఆ నేలను గాలి తెచ్చి పోసింది. ఆండీస్ వైపు నుంచి వేల ఏళ్లు ఎగిరొచ్చిన మెత్తటి దుమ్ము, అగ్నిపర్వతాల బూడిద పొరలు పొరలుగా పరుచుకున్నాయి. గడ్డివేళ్లు కుళ్లి అందులో కలిసి సారం పట్టింది. తూర్పున వానలు దండిగా కురుస్తాయి, పడమటికి పోయేకొద్దీ నేల ఎండిపోతుంది. మనకు వాన తెచ్చే నైరుతి దిక్కే వాళ్లకు పంపేరో అనే చలిగాలిని తెస్తుంది. అది విరుచుకుపడిందంటే ఉక్కపోత పరారే! ఒంటరిగా నిలబడే ఒంబు చూపుకు మహావృక్షం, నరికితే చేవ ఉండదు. రియా పక్షుల్లో ఇంకో వింత. చాలా ఆడపక్షులు ఒకే గూట్లో గుడ్లు పెట్టి తమ దారిన పోతాయి. పొదిగేదీ, పిల్లల్ని వెంటేసుకు తిరిగేదీ తండ్రే.

ఇంత బతుకున్న నేలను బ్యూనస్ ఎయిర్స్ పాలకులు ఎడారి అన్నారు. రాంకెల్, మపూచే జాతుల మీద 1878 నుంచి 1885 దాకా సాగిన దండయాత్రకు ‘ఎడారి విజయం’ అని పేరు పెట్టుకున్నారు. 1884లో ఆ నేలలోని లా పంపా ప్రాంతాన్ని జాతీయ భూభాగం చేసి, గవర్నర్‌ను తామే పంపారు. దానికి రాష్ట్ర హోదా 1951లో గానీ దక్కలేదు.

మన రెవెన్యూ దస్త్రాల్లోనూ గడ్డినేల చాలాచోట్ల బంజరే. అలాంటి గడ్డినేలల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్లపాడులో 614 హెక్టార్లను అభయారణ్యం చేశారు. రియాలా గుట్టలుగా గుడ్లు ఈ పిట్టకు చేతకాదు. సాధారణంగా ఒక్కటే పెడుతుంది, అదీ వట్టి నేలమీద. జోడు కోసం మగపిట్ట గొంతు సంచి ఉబ్బించి చేసే మూలుగు చాలా దూరం వినిపిస్తుంది. మేతకు అది తిరిగేది మాత్రం హద్దు బయటి మెట్టచేలల్లో. కాలువ నీళ్లు వచ్చాక ఆ చేలల్లో పంటలు మారిపోయాయి, వాటి మీద అటవీశాఖకు అధికారమూ లేదు. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటం దాదాపు ఆగిపోయింది. కృష్ణజింకలు మాత్రం పెరిగాయి. అవి పంట మేసేస్తున్నాయని చుట్టుపక్కల రైతులు మొరపెట్టుకుంటున్నారు.