ఊరు చేరినా ఊరి పొద్దుకు చేరని దేహం

డిసెంబరు చివరి వారం నుంచి సంక్రాంతి దాకా, మళ్ళీ జూన్, జూలై నెలల్లో, అమెరికాలో స్థిరపడిన పిల్లలు సెలవులకు కుటుంబాలతో ఇంటికి రావడం ధవళేశ్వరం వంటి గోదావరి ఊళ్ళలో ఏటా కనిపించే విషయం. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి, హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో మధురపూడి విమానాశ్రయానికి వచ్చే విమానంలోనో రాజమహేంద్రవరం చేరేసరికి దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణమవుతుంది. ఇల్లు చేరాక తొలి మూడు నాలుగు రోజులు అందరిళ్ళలోనూ ఇంచుమించు ఒకేలా గడుస్తాయి: వచ్చినవారు మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చుని తూలిపోతారు, దీపాలు పెట్టే వేళకు గాఢనిద్రలో ఉంటారు, రాత్రి రెండింటికి లేచి ఆకలిగా ఉందంటారు. ఇంట్లో పెద్దవారు దీన్ని ప్రయాణపు బడలిక అనుకుంటారు. బడలికైతే ఒక రాత్రి కంటినిండా నిద్రపోతే తీరిపోవాలి. ఇది వారం దాటినా తీరకపోవడానికి కారణం దేహంలోని గడియారం ఇంకా అమెరికా వేళనే పాటిస్తూ ఉండటం. వైద్యులు జెట్‌లాగ్ అని పిలిచేది ఈ స్థితినే.

మెదడు అడుగుభాగంలో, రెండు కళ్ళ నుంచి వచ్చే దృష్టినాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు ఒకటి ఉంటుంది. సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్ అనే ఈ గుంపే నిద్రను, ఒంటి వేడిని, ఆకలిని, హార్మోన్ల విడుదలను వేళకు నడిపించే ప్రధాన జీవగడియారం. కణాల్లో కొన్ని జన్యువులు తాము తయారుచేయించిన ప్రోటీన్ల చేతనే అణగిపోయి, ఆ ప్రోటీన్లు కరిగాక మళ్ళీ పని మొదలుపెట్టడం వల్ల ఈ గడియారం ఆడుతుంది. ఈగల మీద పరిశోధించి దీని గుట్టు తేల్చినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల్లో ఈ గడియారం ఒక చుట్టు తిరగడానికి సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువ పడుతుంది. దాన్ని దిద్దేది వెలుగు. కంటి రెటీనాలో చూపుతో పెద్దగా పనిలేని, వెలుగును కొలవడమే ప్రధానమైన పనిగా గల కణాలు కొన్ని ఉండి, బయటి పొద్దు సంగతి ఈ గుంపుకు చేరవేస్తుంటాయి. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఈ ప్రాంతానికి దగ్గరలోనే, తుని సమీపం నుంచి పోతుంది కనుక, ధవళేశ్వరంలో గోడగడియారానికీ సూర్యుడి గమనానికీ దేశంలోని చాలా ఊళ్ళలో కంటే పొంతన ఎక్కువ.

ప్రయాణం నెమ్మదిగా సాగితే ఈ గడియారం గాడి తప్పదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ 1821లో మద్రాసుకు వచ్చిన రోజుల్లో ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి నెలల తరబడి ప్రయాణించేవి. ఆనకట్ట పని 1847లో మొదలవడానికి కొన్నేళ్ళ ముందు, ఆరోగ్యం చెడి సెలవు మీద టాస్మేనియా వెళ్ళి 1841లో పెళ్ళి చేసుకుని తిరిగివచ్చిన ఈ ఇంజనీరు అంతదూరపు సముద్రయానాలు ఎన్ని చేసినా, జెట్‌లాగ్ అనే బాధ ఆయనకు కలిగే అవకాశం లేదు. భూమి మీద 15 డిగ్రీల రేఖాంశానికి ఒక గంట తేడా; భూమధ్యరేఖ దగ్గర రోజుకు 150 నాటికల్ మైళ్ళు తూర్పుకు సాగే తెరచాప ఓడ మీద పొద్దు రోజుకు పది నిమిషాలే జరుగుతుంది, అంత మార్పును దేహం తెలియకుండానే సర్దుకుంటుంది. 1958లో ప్రయాణికుల జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాకే, ఒక్క రోజులో పది గంటల తేడాను ఒళ్ళు మోయవలసి వచ్చింది.

అయితే ఈ బాధ అమెరికా నుంచి వచ్చినవారందరికీ ఒకేలా ఉండదు. ఏ తీరం నుంచి వచ్చారన్నది ముఖ్యం. రాత్రి పదకొండుకు పడుకుని ఏడింటికి లేచే మనిషికి ఒంటి వేడి తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, నిద్ర మత్తు కూడా అప్పుడే ఎక్కువ. ఈ కనిష్ఠ ఘడియకు ముందు కొన్ని గంటలు కంట పడే వెలుగు గడియారాన్ని ఆలస్యం వైపు జరుపుతుంది, తరువాత పడే వెలుగు ముందుకు జరుపుతుంది. చలికాలంలో న్యూయార్క్ మనకంటే 10½ గంటలు, కాలిఫోర్నియా 13½ గంటలు వెనక ఉంటాయి గనుక, న్యూయార్క్ నుంచి వచ్చినవారికి ఆ ఘడియ ధవళేశ్వరంలో మధ్యాహ్నం రెండున్నరకు, కాలిఫోర్నియా నుంచి వచ్చినవారికి సాయంత్రం ఐదున్నరకు వస్తుంది. ఒకరు భోజనాల దగ్గర తూలడానికి, మరొకరు దీపాల వేళకు ఒరిగిపోవడానికి కారణం ఇదే.

దేహం నిద్రవేళను ముందుకు లాక్కోవడం కంటే ఆలస్యం చేసుకోవడం తేలిక. ముందుకైతే రోజుకు సుమారు గంట, ఆలస్యమైతే గంటన్నర దాకా జరుగుతుంది. కాలిఫోర్నియా మనిషికి 24లో 13½ పోను మిగిలిన 10½ గంటల ఆలస్యం చాలు, వారంలో కుదురుకోవచ్చు, పైగా సంక్రాంతి రోజుల్లో ఆరు కాకముందే పొద్దుగుంకుతుంది కాబట్టి పగటి వెలుగంతా వారికి మేలే చేస్తుంది. న్యూయార్క్ మనిషి ఆ దారిన పోతే 13½ గంటలు జరగాలి, తొమ్మిది రోజులు. అంతకుమించి, మధ్యాహ్నం రెండున్నర తరువాతి ఎండ గడియారాన్ని ఎదురు దిక్కుకు లాగుతుంది. అందుకే ఒకే ఇంటికి ఒకే రోజు వచ్చిన అన్నదమ్ముల్లో ఒకరు ఐదో రోజుకే గాడిలో పడుతుంటే, రెండోవారు పదో రోజుకు కూడా రాత్రుళ్ళు జాగారం చేస్తుంటారు. రెండోవారిది బద్ధకం కాదని ఇంటివారు గ్రహించడం ఎంతో అవసరం.

ఉదయపు నీరెండలో తిరగమనే సలహా ఊళ్ళో ఉండేవారికి మంచిదే గాని, అమెరికా నుంచి దిగినవారికి తొలి రోజుల్లో అసలు పనిచేసేది పదకొండు నుంచి రెండు దాకా కాసే ఎండ. నీడలేని ధవళేశ్వరం బ్యారేజీ మీద, ఎగువన నిండుగా నిలిచిన నీళ్ళను చూస్తూ జనవరి మధ్యాహ్నం నడిస్తే ఆ వెలుగు పుష్కలంగా దొరుకుతుంది. న్యూయార్క్ వారు మొదటి రోజు రెండున్నరకు, రెండో రోజు నాలుగింటికి ఇంట్లోకి వచ్చేయాలి. పగటి కునుకు అరగంట మించకూడదు. కాలేయానికీ పేగులకూ వాటి గడియారాలు వాటికున్నాయి, అవి తిండి వేళలను బట్టి సర్దుకుంటాయి; అర్ధరాత్రి ఆకలికి పెరుగన్నమో అరటిపండో సరిపోతుంది గాని, ముద్దుకొద్దీ అరిసెలూ పూతరేకులూ పెట్టడం వల్ల పాత వేళ మరింత గట్టిపడుతుంది.

వీటికంటే భయపడవలసిన విషయాలు వేరే ఉన్నాయి. హైదరాబాదులో దిగిన వెంటనే సొంతంగా కారు నడుపుకుంటూ బయలుదేరడం ప్రాణాంతకం. కనిష్ఠ ఘడియలో రెప్ప వాలడం మనిషి పట్టుదలకు లొంగదు. ఇన్సులిన్ తీసుకునేవారు వేళలను ఎలా మార్చుకోవాలో ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి. అక్కడే పుట్టిన పిల్లలకు ఇక్కడి టైఫాయిడ్, మలేరియా పరిచయం లేనివి కనుక, టీకాలు, దోమతెరలు, కాచిన నీళ్ళు వారి విషయంలో తప్పనిసరి.

గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027లో వస్తున్నాయి. పన్నెండు రోజుల ఆ పండుగకు, 2015లో లాగే, విదేశాల నుంచి ఎందరో వస్తారు. అవి అక్కడి వేసవిలో వస్తాయి, వేసవిలో అమెరికా గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది గనుక ఆ కనిష్ఠ ఘడియ న్యూయార్క్ వారికి ఒకటిన్నరకు, కాలిఫోర్నియా వారికి నాలుగున్నరకు వస్తుంది. వచ్చిన మర్నాడే ధవళేశ్వరం రామపాదాల రేవులో తెల్లవారుజామున స్నానం చేసినా ఇబ్బంది లేదు, వారి దేహానికి అది సాయంకాలం, ఒళ్ళు తెలివిగానే ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం ఐదు దాకా మాత్రం, రెండు మూడు రోజుల పాటు, వారిని నీళ్ళలోకి దించకూడదు, పసిపిల్లలను వారి మీద వదిలి పెద్దలు పక్కకు పోకూడదు.