రాగం తీగలో ఉందా... ధరలో ఉందా?

1986లో కృష్ణ 'సింహాసనం' విడుదలైనప్పుడు తెలుగు ప్రేక్షకుడికి రెండు విందులు ఒకేసారి దొరికాయి. ఒకటి 70 ఎం.ఎం. బొమ్మ, రెండోది ఆరు ట్రాకుల స్టీరియో శబ్దం! అలాంటి హాల్లో గుర్రం తెర మీద ఎడమ నుంచి కుడికి దౌడు తీస్తే, డెక్కల చప్పుడు కూడా మన ముందునుంచి అటే పరిగెడుతుంది. ఆ శబ్దం రుచి చూసినవాడికి ఇంట్లో డబ్బా స్పీకరు ఆనుతుందా చెప్పండి?

అందుకే ఇవాళ కరీంనగర్‌లోనూ, ఆదిలాబాద్‌లోనూ కుర్రకారు మంచి స్టీరియో సెట్ల వెంట పడుతున్నారు. కొందరు కొత్తవి కొంటున్నారు. కొందరు నాన్నగారి కాలం నాటి సెట్టుని అటక మీంచి దించి దుమ్ము దులుపుతున్నారు. ఆంప్లిఫయరు కుదిరింది, స్పీకర్ల జత కుదిరింది. ఇక మిగిలింది వాటిని కలిపే తీగ. అసలు తిరకాసంతా ఇక్కడే! వందల్లో దొరికే తీగ ఉంది, వేలల్లో దొరికే తీగ ఉంది. విప్పి చూస్తే రెండిట్లోనూ ఉన్నది రాగే!

మరి ఏది కొనాలి? ఈ ప్రశ్న పట్టుకుని ఉత్తర తెలంగాణలో కొన్ని దుకాణాలూ, కొన్ని ఇళ్ళూ తిరిగాను. తేలిందేమిటంటే, ధర అడగడానికి ముందు జాతకం అడగాలి!

జగిత్యాల క్యాసెట్టు

1970ల నుంచి ఈ ప్రాంతం వాళ్ళు వేల సంఖ్యలో దుబాయి, మస్కట్, సౌదీ వెళ్ళారు. తిరిగొస్తూ టేప్‌రికార్డరు తేవడం అప్పట్లో పెద్ద ముచ్చట. ఉత్తరం రాయడం రానివాళ్ళు క్యాసెట్టులో మాట్లాడి ఇంటికి పంపేవాళ్ళు.

జగిత్యాలలో నేను కలిసిన ఒక కుర్రాడి ఇంట్లో అలాంటి క్యాసెట్లు ఏడున్నాయి. తండ్రి గొంతు వాటిల్లోనే మిగిలింది. ఆయన తెచ్చిన పాత డెక్కుని, ఇప్పటి ఆంప్లిఫయరుకి కలిపి అమ్మకి వినిపించాలని కుర్రాడి తాపత్రయం. స్పీకర్ల బాగుకని దాచుకున్న పన్నెండు వేలల్లో తొమ్మిది వేలు పోసి, బంగారు పూత ఉన్న ఆర్.సి.ఎ. తీగల జత తెచ్చాడు.

మెకానిక్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు.

"తమ్మీ, జర డెక్కు ఎనుక సూడు. గుండ్రటి సాకెట్టు, అయిదు తూట్లు. నువ్వు తెచ్చినదానికి నడుమ ఒక్కటే పుల్ల. బంగారం కాదు, వజ్రాలు పొదిగినా అండ్ల పట్టదు!"

ఆ అయిదు తూట్ల సాకెట్టు పేరు డిన్. జర్మన్ ప్రమాణాల సంస్థ పేరే దానికి వచ్చింది. అందులో 3, 5 నంబర్ల నుంచి పాట బయటికొస్తుంది. 1, 4 నంబర్లు రికార్డింగు కోసం లోపలికి పోయే దారి. నడుమనున్న 2 ఎర్తు. తప్పు నంబర్లకి తీగ అతికితే డెక్కు మూగనోము పడుతుంది.

మెకానిక్ ఒక వైపు డిన్, రెండో వైపు ఆర్.సి.ఎ. పెట్టి తీగ అతికి ఇచ్చాడు. పుచ్చుకున్నది మూడొందలు! దుకాణంవాళ్ళు వాపసు తీసుకున్న తొమ్మిది వేలల్లో కొంత పెట్టి స్పీకర్ల అంచున పొడిపొడిగా రాలిపోతున్న ఫోము మార్పించారు. సాయంత్రం క్యాసెట్టు తిరిగింది. "మంచిగున్నరా బిడ్డా?" అన్న గొంతు విని ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎంత ఖరీదైన తీగా ఇవ్వలేనిది, సరిపోయే తీగ ఇచ్చింది.

లావెంత? పొడవెంత?

తీగల్లో ముఖ్యంగా రెండు జాతులు. డెక్కు నుంచి ఆంప్లిఫయరుకి వెళ్ళేది సన్నని సంకేతం. దానికి పైన జల్లెడలాంటి లోహపు తొడుగు కావాలి. లేకపోతే చుట్టుపక్కల కరెంటు గోల అందులో దూరుతుంది. ఆంప్లిఫయరు నుంచి స్పీకరుకి వెళ్ళేది బలమైన ప్రవాహం. దానికి తొడుగు అక్కర్లేదు, లావు కావాలి. ఒకదాని పని ఇంకోదానికి అప్పజెప్పకండి.

లెక్క కూడా చెబుతాను. తీగ నిరోధం స్పీకరు నిరోధంలో 5 శాతం దాటకపోతే చాలు. 8 ఓముల స్పీకరు 10 మీటర్ల దూరంలో ఉందనుకోండి. రానూపోనూ 20 మీటర్ల రాగి. 0.5 చదరపు మి.మీ. తీగ వేస్తే నిరోధం దాదాపు 0.7 ఓము, అంటే 9 శాతం. పనికిరాదు! 1.5 వేస్తే 0.23 ఓము, 3 శాతం లోపే. 2.5 వేస్తే 0.14 ఓము, 2 శాతం కూడా లేదు. స్పీకరు 4 ఓములదైతే 2.5 తీసుకోవడం మేలు. స్పీకరు నిరోధం అన్ని స్వరాలకీ ఒకేలా ఉండదు కాబట్టి, తీగ మరీ సన్ననిదైతే పాట రంగు కొంచెం మారుతుంది. తీగ మహిమ అంతవరకే!

ఒక మోసం మాత్రం కనిపెట్టండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగలు బజారులో చాలా ఉన్నాయి. పోగు చివర బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. వాటి నిరోధం అసలు రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు.

వెండి తీగ సంగతి

కరీంనగర్‌కి వెండి తీగ గురించి ఒకరు చెప్పాలా? వెండిని వెంట్రుకలా లాగి, పేని, పువ్వులూ నెమళ్ళూ అల్లే ఫిలిగ్రీ కళాకారులున్న ఊరిది. ఆడియో దుకాణంలోనూ వెండి తీగలు అమ్ముతారు, వేలకి వేలు చెప్పి! విద్యుత్తుని మోయడంలో వెండి రాగిని మించిన మాట నిజమే. ఎంత? సుమారు 6 శాతం. రాగి తీగని పిసరంత లావుగా తీసుకుంటే ఆ తేడా మాయం. వెండి మీద మోజుంటే కుంకుమభరిణ కొనండి. అమ్మ సంతోషిస్తుంది!

ఆదిలాబాద్‌లో 'గుయ్'

ఆదిలాబాద్‌లో ఒక మిత్రుడు రికార్డు ప్లేయరు కొన్నాడు. ఘంటసాల గొంతు కంటే ముందు 'గుయ్'మనే రొద వస్తోంది. "తీగ మార్చాల్నా అన్నా?" అన్నాడు. చూద్దును కదా, ప్లేయరు వెనక వేలాడే సన్నటి ఎర్తు తీగ దేనికీ కలపలేదు. ఆంప్లిఫయరు మీద 'గ్రౌండ్' అన్న మరకి బిగించగానే రొద మాయం. ఖర్చు సున్నా!

ఇంకో మాట. రికార్డు ప్లేయరు ముల్లు ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. సి.డి. ప్లేయరు ఇచ్చేది దాదాపు 2 వోల్టులు, అంటే 400 రెట్లు! అందుకే ముల్లుకి 'ఫోనో' సాకెట్టు, మిగతావాటికి 'ఆక్స్'. సి.డి.ని ఫోనోలో పెడితే చెవులు చిల్లులు పడే రభస. ముల్లుని ఆక్స్‌లో పెడితే చీమ పాట.

టీవీ నుంచి పాట కావాలంటే ఆప్టికల్ తీగ చూడండి. ఇది 1983లో తోషిబా తెచ్చిన పద్ధతి. అందులో వెళ్ళేది వెలుగు, అంకెల రూపంలో. అంకె చేరితే పాట పూర్తిగా వస్తుంది, చేరకపోతే తెగిపోతుంది. ఖరీదైన తీగలో అంకెకి తీపి ఎక్కదు! మీ ఆంప్లిఫయరుకి ఆ సాకెట్టు లేకపోతే మధ్యలో డాక్ అనే చిన్న పెట్టె కావాలి. టీవీ సెట్టింగుల్లో పి.సి.ఎం. ఎంచుకోవాలి.

కొనేముందు...

దుకాణానికి వెళ్ళేముందు రెండు పెట్టెల వెనక భాగాన్నీ ఫోను కెమెరాతో తీసుకోండి. దూరం టేపుతో కొలవండి. స్పీకరు మీద ఓములెన్నో చదవండి. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలపండి. సరిచూసుకోవాలంటే బాలు పాట పెట్టి, రెండు స్పీకర్లకీ మధ్యన కూర్చోండి. గొంతు నట్టనడుమ నిలబడితే కుదిరినట్టే. గొంతు గదంతా చెదిరి, తబలా బరువు తగ్గితే ఒక స్పీకరు తీగలు తారుమారైనట్టు.

ఇంత చేసినా డబ్బు మిగిలిందా? స్పీకర్ల మీద పెట్టండి. పాడేది అవే!