అనుమతి అడగని చూపు

గత సంవత్సరం రంజాను మాసానికి కొద్ది రోజుల ముందు ఒక తల్లి మా మద్రసాకు వచ్చారు. ఆమె కుమారుడు మా వద్ద హిఫ్జ్ చేస్తున్నాడు. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఆమె, ఇంటర్ చదివే కుమార్తె మాత్రమే ఉంటారు. "హజ్రత్, ఒక మసలా అడగాలి" అంటూ ఆమె విషయం చెప్పారు. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే ఒక యువకుడు కొంత డబ్బు తీసుకుని కుమార్తె ఫోనులో ఏదో వేసి ఇచ్చాడు. ఇక అమ్మాయి పంపే ప్రతి సందేశమూ, ఆమెకు వచ్చే ప్రతి ఫొటో కూడా తల్లి ఫోనులో కనిపిస్తాయి. ఈ సంగతి అమ్మాయికి తెలియదు. ఇది జాయెజేనా?

మేము అట్టే ఆలోచించలేదు. ప్రతి మనిషీ ఒక కాపరి వంటివాడనీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ తెలిపే హదీసును గుర్తు చేశాము. తండ్రి దగ్గర లేడు, కాలం మంచిది కాదు, తల్లి కనిపెట్టి ఉండక తప్పదు, కనుక జాయెజే అన్నాము. ఆమె తేలికపడిన మనసుతో వెళ్లిపోయారు.

బక్రీద్ దాటిన తరువాత ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి మనిషి కుంగిపోయి ఉన్నారు. ఇన్ని నెలల సందేశాలలో చెప్పుకోదగిన తప్పు ఏదీ ఆమెకు దొరకలేదు. దొరికినవి ఒక స్నేహితురాలికి రాసుకున్న మాటలు. డిగ్రీ చదవాలని ఉందనీ, మేనమామ తెచ్చిన సంబంధం ఇష్టం లేదనీ, నాన్న డబ్బు పంపడం ఆలస్యమైతే అమ్మ తన మీద అరుస్తుందనీ, రాత్రిళ్లు ఒంటరిగా ఏడుస్తుందనీ రాసుకున్న మాటలు. తల్లి అవన్నీ చదివారు, అడగలేకపోయారు. అడిగితే ఎలా తెలిసిందో చెప్పవలసి వస్తుంది. ఒకనాడు కోపంలో ఆ మాటే నోరు జారింది. అమ్మాయి గొడవ చేయలేదు. ఫోను తెచ్చి తల్లి ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుండి అడిగినదానికి జవాబు చెప్పడమే తప్ప మాట లేదు.

"మీరు జాయెజ్ అన్నారు కదా హజ్రత్" అన్నారు ఆమె. ఆ గొంతులో నింద లేదు. అదే మమ్మల్ని ఎక్కువ బాధించింది.

మేము ముఫ్తీలము కాము, పిల్లలకు పాఠం చెప్పుకునే ఉస్తాదులము. ఇమామ్ మాలిక్ (రహ్మ) వంటి మహనీయులు ఎన్నో ప్రశ్నలకు తెలియదని చెప్పి పంపేవారని తరగతిలో చెబుతాము. మా వంతు వచ్చేసరికి ఆ మాట నోటికి రాలేదు. ఆ తల్లి వెళ్లిన తరువాత మేము గ్రంథాలు తెరిచాము. ఇక్కడ రాస్తున్నది ఆ చదువులో మాకు తేలినది.

హుజురాత్ సూరా 12వ ఆయత్ మనలో చాలామందికి కంఠస్థమే. పరోక్ష నిందను చనిపోయిన సోదరుని మాంసం తినడంతో పోల్చిన ఆయత్ అది. జుమా ప్రసంగాలలో ఆ పోలికనే వివరిస్తాము. దానికి ముందున్న రెండు నిషేధాల మీదుగా త్వరగా దాటిపోతాము. మొదటిది అతి అనుమానం, రెండవది తజస్సుస్, అంటే ఒకరి మరుగు విషయాలను కూపీ లాగడం. ఆ తరువాతనే పరోక్ష నింద. ఈ వరుసను గమనించండి. అనుమానం కూపీ తీయిస్తుంది, కూపీలో తెలిసినది నోటి దాకా వస్తుంది. ఆ తల్లి ఇంట్లో జరిగినది సరిగ్గా ఈ వరుసలోనే జరిగింది. ఆయత్‌లో రక్తసంబంధీకులకు మినహాయింపు ఏదీ చెప్పలేదు.

మన పూర్వికులు ఈ ఆదేశాన్ని ఎలా అర్థం చేసుకున్నారు? హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజులలో ఒక రాత్రి హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)తో కలిసి మదీనా వీధులలో గస్తీ తిరుగుతున్నారు. ఒక ఇంట్లో దీపం వెలుగుతోంది, తలుపు మూసి ఉంది, లోపల కేకలు వినిపిస్తున్నాయి. వారు మద్యం సేవిస్తున్నారని ఉమర్ (రజి) గ్రహించారు, ఏమి చేద్దామని సహచరుని అడిగారు. అల్లాహ్ నిషేధించిన పనిని మనమే చేశామనీ, కూపీ తీశామనీ అబ్దుర్రహ్మాన్ (రజి) జవాబిచ్చారు. ఖలీఫా తలుపు తట్టకుండానే వెనుదిరిగారు. లోపల జరుగుతున్నది పాపమే. అయినా వెనుదిరిగారు.

హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) దగ్గరకు ఒక మనిషిని తెచ్చి, ఇతని గడ్డం నుండి సారాయి కారుతోందని ఫిర్యాదు చేశారు. కూపీ తీయడం మాకు నిషేధించబడిందనీ, బయటపడినదాని మీదనే చర్య తీసుకుంటామనీ ఆయన అన్నారు. ఈ రెండవ భాగం కూడా ముఖ్యమే. కళ్లెదుట జరిగేదాన్ని చూడనట్లు ఊరుకోమని ధర్మం చెప్పలేదు. మూసిన తలుపును తెరవవద్దని మాత్రమే చెప్పింది. అబూ దావూద్‌లోనే హజ్రత్ ముఆవియా (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ఉంది. ప్రజల లోపాల వెంటబడితే వారిని నువ్వే చెడగొట్టినవాడివవుతావన్నది దాని భావం. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ హదీసు పాఠంగా చెప్పుకోవాలి.

ఉమర్ (రజి) ఆ రాత్రి కేవలం బాటసారి కారు, పాలకుడు. కనుక ఆ ఆయత్ పాలకులకూ వర్తిస్తుందని ఆయనే చూపారు. మన దేశంలో ఇదే ప్రశ్న ఒక కేసు రూపంలో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ కానిస్టేబుళ్లు, చౌకీదార్లు వచ్చి తలుపు తట్టి, నిద్ర లేపి, మనిషి ఉన్నాడో లేడో చూసుకుని పోయేవారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలను కొట్టివేసింది. కానీ మెజారిటీ న్యాయమూర్తులు, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నారు. రాజమండ్రిలో పుట్టిన మన తెలుగువారు జస్టిస్ కోకా సుబ్బారావు గారు ఇందుకు ఒప్పుకోలేదు. జస్టిస్ షాతో కలిసి వేరుగా తీర్పు రాశారు. రాజ్యాంగం ఆ హక్కును పేరు పెట్టి చెప్పకపోయినా, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో విడదీయరాని భాగమన్నారు. నిఘా నీడలో తిరిగే మనిషి కాళ్లకు సంకెళ్లు లేకపోయినా అతడు స్వేచ్ఛాపరుడు కాడన్నది వారి వాదన సారం.

ఆ అల్పసంఖ్యాక అభిప్రాయం గెలవడానికి దాదాపు 55 సంవత్సరాలు పట్టింది. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఆధార్ మీద వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, జోక్యం ఆ అవసరాన్ని మించకూడదు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. దైవప్రవక్త (స) స్వయంగా ఒక ఉత్తరాన్ని పట్టించారు కదా అని మా విద్యార్థులు అడుగుతారు. నిజమే. మక్కా మీదికి సన్నాహాలు జరుగుతుండగా హజ్రత్ హాతిబ్ (రజి) ఖురైషులకు రహస్యంగా ఒక ఉత్తరం పంపారు. ప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి) తదితరులను పంపి, రౌదతు ఖాఖ్ అనే చోట ఒక ప్రయాణికురాలి దగ్గర దానిని పట్టుకున్నారు. సమాజానికి హాని ఉందని భయపడిన చోట ఉత్తరం చూడవచ్చునని ఇమామ్ బుఖారీ (రహ్మ) దీనికి వేరే శీర్షికే పెట్టారు. కానీ ఎంత ఖచ్చితంగా పట్టుకున్నారో చూడండి. మనిషి తెలుసు, చోటు తెలుసు, ఉత్తరం తెలుసు. మదీనాలో అందరి మూటలూ విప్పించలేదు. పైగా, ఎందుకిలా చేశావని హాతిబ్‌ను ముందు అడిగారు, జవాబు విన్నారు, ఆ తరువాత వదిలేశారు. 2017 తీర్పులోని మూడు షరతులు చదివినప్పుడు మాకు ఈ సంఘటనే జ్ఞాపకం వచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద కంపెనీలు నిఘా పెట్టరాదని చెబుతుంది. అది మంచి మాట. కానీ తాను కోరిన ప్రభుత్వ సంస్థను నోటిఫికేషన్‌తో ఆ చట్టం నుండే తప్పించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఈ తలుపు మరీ వెడల్పుగా ఉన్నదని మా అభిప్రాయం.

కూపీ తీసేది ప్రభుత్వం ఒక్కటే కాదు, వ్యాపారులు కూడా. నమాజు వేళలు, ఖిబ్లా దిశ చెప్పే ముస్లిం ప్రో అనే యాప్ మనలో ఎందరి ఫోన్లలోనో ఉంది. 2020 నవంబరులో అమెరికాలోని మదర్‌బోర్డ్ అనే వార్తాసంస్థ ఒక విషయం బయటపెట్టింది. ఆ యాప్ వాడేవారు ఎక్కడ ఉన్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళుతోంది, ఆ కంపెనీ ఖాతాదారులలో అమెరికా సైన్యానికి పనిచేసే గుత్తేదారులు ఉన్నారు. సైన్యానికి తాము నేరుగా ఏమీ అమ్మలేదని యాప్ వారు చెప్పి, ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకున్నారు. ప్రార్థనా స్థలాలు, వైద్యశాలల వంటి సున్నితమైన చోట్లకు ఎవరు వెళ్లివస్తున్నారో తెలిపే సమాచారాన్ని ఆ కంపెనీ అమ్మరాదని అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2024 జనవరిలో ఆదేశించింది. అజాను వినడానికి పెట్టుకున్న యాప్ మన మసీదు దారిని ఇంకెవరికో చూపిస్తున్నదన్న మాట! ఖిబ్లా రోజుకొక దిక్కుకు మారదు. నమాజు వేళలు మసీదు గోడ మీది క్యాలెండరులోనూ ఉంటాయి. యాప్ కావాలనుకుంటే ఊరు పేరు చేతితో ఎంచుకుని, లొకేషన్ అనుమతి తీసివేయవచ్చు.

మరో సంగతి రాయడానికి కలం వెనుకాడుతోంది. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం స్త్రీల ఫొటోలను వారి ఖాతాల నుండి దొంగిలించి, వేలానికి పెట్టినట్లు చూపే యాప్‌లు వచ్చాయి. ఆ యాప్‌ల పేర్లే బూతులు, అవి ఈ పత్రికలో రాయము. వాటిలో పాత్రికేయులు ఉన్నారు, సామాజిక కార్యకర్తలు ఉన్నారు. అరెస్టయినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారు. ఆ వారం మన మింబర్ల మీద నుండి వినిపించినదేమిటి? ఫొటోలు ఎవరు పెట్టమన్నారని. మేము కూడా ఆ అర్థం వచ్చేలా ఒక మాట అన్నాము, అది ఇక్కడ ఒప్పుకుంటున్నాము. పరదా బోధన దాని చోట అది ఉంది. కానీ సహీహ్ బుఖారీలోని హదీసు చూడండి. ఒకడు దైవప్రవక్త (స) ఇంటి తలుపులోని రంధ్రం గుండా లోపలికి తొంగి చూశాడు. ప్రవక్త (స) చేతిలో తల దువ్వుకునే ఇనుప దువ్వెన ఉంది. నువ్వు చూస్తున్నావని తెలిసి ఉంటే దీనితో నీ కన్ను పొడిచేవాడినని హెచ్చరించి, అనుమతి అడగాలన్న నియమం వచ్చిందే ఈ చూపు కారణంగా అని తెలిపారు. ఆ కోపం తలుపులోని రంధ్రం మీద కాదు, కంటి మీద.

ఈ హదీసు చదువుతుండగానే ఆ తల్లి విషయంలో మేమిద్దరమూ మరచిన ఒక సంగతి తట్టింది. ఆ దుకాణపు యువకుడు! అతడు అమ్మాయికి పరాయి పురుషుడు. ఫోను అతని చేతికి వెళ్లింది, తాళం అతనికి తెలుసు. ఆ సందేశాల నకళ్లు ఎక్కడెక్కడ నిల్వ ఉన్నాయో తల్లికి తెలియదు. బిడ్డను పరాయి చూపు నుండి కాపాడాలని ఆమె తలుపుకు రంధ్రం చేయించారు, మేము ఫత్వా ఇచ్చాము.

అయితే తల్లిదండ్రులు చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అలా అనడం లేదు. చిన్నపిల్లల సంగతి వేరు, వారికి ఫోను ఇవ్వకపోవడం కూడా పెద్దల అధికారమే. రాత్రి ఫోను హాలులో ఉంచాలని నియమం పెట్టవచ్చు. అప్పుడప్పుడు నీ ఎదుటే చూస్తానని ముందే చెప్పవచ్చు. ఎవరో బెదిరిస్తున్నారనో, డబ్బు గుంజుతున్నారనో స్పష్టమైన సూచన కనిపిస్తే ఒక్క గడియ కూడా ఆలస్యం చేయకుండా కూర్చోబెట్టి అడగాలి, అవసరమైతే పోలీసులను ఆశ్రయించాలి. ప్రవక్త (స) కూడా హాతిబ్‌ను ముందు అడిగారు. నూర్ సూరాలో ఇంటి పిల్లలు సైతం మూడు వేళలలో అనుమతి అడిగి గదిలోకి రావాలని అల్లాహ్ నేర్పాడు. తల్లి గదిలోకి వెళ్లడానికి కూడా అనుమతి అడగాలా అని ఒక మనిషి అడిగితే, అడగాలనే ప్రవక్త (స) చెప్పినట్లు ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉంది. ఒకే కప్పు కింద ఉండేవారికే ఈ మర్యాద.

మా మద్రసా సంగతి కూడా చెప్పాలి. పిల్లలు నిద్రపోయాక వారి పెట్టెలు వెతకడం మాకు ఏళ్ల తరబడి అలవాటు. ఫోన్లు దాచుకుంటారని అనుమానం. ఈ షవ్వాల్ నుండి అది మానేశాము. ఫోను ఉన్నవాడు చేరిన రోజునే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి, జుమా రోజు అస్ర్ తరువాత మాట్లాడుకోవచ్చు. ఫోను మేము తెరవము. ఈ పద్ధతితో క్రమశిక్షణ పోతుందని సాటి ఉస్తాదులు ఇద్దరు ఇప్పటికీ అంటున్నారు.

ఆ తల్లికి కబురు పంపి, మా జవాబు తప్పని చెప్పాము. దుకాణపు వాడికి కాకుండా తెలిసినవారికి ఇచ్చి ఫోనులోనిదంతా తుడిపించమన్నాము. అమ్మాయికి తానే స్వయంగా చెప్పి క్షమాపణ అడగమన్నాము. "తల్లి బిడ్డను మాఫీ అడగాలా?" అన్నారు ఆమె. హక్కు ఎవరిదో వారినే అడగాలి, అందులో వయసు చూడరు అన్నాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

పది రోజుల తరువాత కుమారుని చూడటానికి వచ్చినప్పుడు, అడిగానని చెప్పారు. అమ్మాయి అంతా విని "సరే అమ్మీ" అన్నదట. ఫోను మాత్రం ఇంకా తల్లి అల్మారాలోనే ఉంది, అమ్మాయి తీసుకోలేదు.