వెనక సీటు తలకు విలువ లేదా?

"బండి నడిపేది ఆయన. వెనక కూర్చునే నాకెందుకూ హెల్మెట్?"

మొన్నమొన్నటి వరకూ నేనూ ఇదే మాట అనేదాన్ని. పెళ్ళికో పేరంటానికో వెళ్ళాలంటే ముడి వేసుకోవాలి, పూలు పెట్టుకోవాలి. ఆపైన ఆ డిప్ప ఎక్కడ పెట్టుకోను? మావారు గట్టిగా చెబితే "నా తల, నా ఇష్టం" అని నోరు మూయించేదాన్ని.

ఆ మధ్య మా చిన్నాడపడుచు స్కూటర్ వెనక ఒకపక్కకి కూర్చుని వస్తూ స్పీడ్ బ్రేకర్ దగ్గర కింద పడింది. బండి మెల్లగానే వెళుతోంది. లేచి చీర దులుపుకుని ఇంటికొచ్చి, మా అందరికీ కాఫీ కూడా కలిపింది. రాత్రయ్యేసరికి తలనొప్పి, వాంతులు. ఆస్పత్రిలో స్కాన్ తీసి, పుర్రె లోపల రక్తం గడ్డకట్టింది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. సమయానికి తీసుకెళ్ళాం కాబట్టి దక్కింది. గుండుతో ఉన్న తల్లిని చూసి చిన్నపిల్ల రెండ్రోజులు దగ్గరకు రాలేదు. పూలు నలుగుతాయని హెల్మెట్ వద్దన్న మనిషికి అసలు జడే లేకుండా పోయింది.

2009 మార్చిలో నటి నటాషా రిచర్డ్‌సన్ విషయంలోనూ ఇంతే. కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయింది. హెల్మెట్ లేదు. బాగానే ఉన్నానంది. రెండు రోజులకే చనిపోయింది. అప్పటికామె వయసు 45.

మన మోటారు వాహనాల చట్టం, 129వ సెక్షన్ వెనక కూర్చునేవాళ్ళకీ వర్తిస్తుంది. 2019 సవరణలో నాలుగేళ్ళు దాటిన అందరికీ అని స్పష్టంగా రాశారు. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఉంది. ఢిల్లీలోనైతే చాలా ఏళ్ళు ఆడవాళ్ళందరికీ మినహాయింపు ఉండేది. 2014లో దాన్ని తీసేసి, సిక్కు మహిళలకు మాత్రం ఉంచారు.

"ఏం కట్టుకోవాలో, ఎలా నవ్వాలో చెప్పేవాళ్ళు చాలరూ, తలమీద ఏం పెట్టుకోవాలో సర్కారూ చెప్పాలా?" అని ఓ స్నేహితురాలు అడిగింది. ఆ మంట నాకూ అర్థమవుతుంది. కానీ ఒక్కమాట. మన ఇళ్ళల్లో హెల్మెట్ సాధారణంగా ఒక్కటే కొంటారు. అది ఆయనది. రెండోది దండగ! అందరూ తిన్నాక మిగిలింది తినడం ఎలా అలవాటైందో, ఇదీ అంతే. దీన్ని మన ఇష్టం అందామా? చట్టం ఉంటేనన్నా ఇంట్లోకి రెండో హెల్మెట్ వస్తుంది. నాకు చట్టం నచ్చింది అందుకే.

అయితే చలానా భయంతో కొన్నది హ్యాండిల్‌కు వేలాడితే ఏం లాభం? హెల్మెట్ సరిగ్గా పెట్టుకుంటే తలకు దెబ్బ తగిలే ముప్పు సుమారు 69 శాతం, ప్రాణం పోయే ముప్పు 42 శాతం తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి, తలకు సరిపోయేది కొనండి. గడ్డం కింద పట్టీ బిగించండి. కొంగూ చున్నీ చక్రంలో పడకుండా దోపుకోండి. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి, తర్వాత వాంతులో, మగతో, తలనొప్పో వస్తే "చిన్న దెబ్బేలే" అనుకోకుండా డాక్టరు దగ్గరకు పరిగెత్తండి.

ఇప్పుడు నేను వదులుగా జడ వేసుకుని హెల్మెట్ పెట్టుకుంటున్నాను. పూలు మాత్రం తడిగుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో. పెళ్ళిపందిరి గుమ్మం దగ్గర తురుముకుంటే అందం ఎక్కడికీ పోదు కదా! మీరేమంటారు?