జిప్సీకి 410 ట్రాన్స్‌ఫర్ కేస్: పదకొండు శాతం లెక్క

మారుతి జిప్సీలో గేర్ లివర్ పక్కనే ఇంకో పొట్టి లివర్ ఉంటుంది. "అది ఫోర్ బై ఫోర్‌ది" అని చెప్పేసి ఊరుకుంటాం. నిజానికి ఆ లివర్ కింద ఉన్నది ట్రాన్స్‌ఫర్ కేస్ అనే వేరే పెట్టె. దానికి రెండు పనులు. గేర్‌బాక్స్ నుంచి వచ్చిన టార్క్‌ని ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ పంపడం ఒకటి. హై, లో అని రెండు రేషియోలు ఇవ్వడం రెండోది. మన సిలబస్‌లో మొదటి దానికి బొమ్మ ఉంటుంది, రెండోదానికి ఒక్క లైను ఉంటుంది. కొండల్లో బండి నడిపేవాళ్లకి మాత్రం ఆ ఒక్క లైనే ముఖ్యం.

చాలా జీపుల్లో ఈ కేస్ గేర్‌బాక్స్ తోకకే బిగించి ఉంటుంది. జిప్సీలో అలా కాదు. గేర్‌బాక్స్‌కి వెనకగా, విడిగా, రబ్బరు మౌంట్ల మీద ఛాసిస్‌కి వేలాడుతుంది. రెండింటి మధ్య ఒక పొట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్. అందుకే గేర్‌బాక్స్ ముట్టుకోకుండానే దీన్ని దించొచ్చు. ఈ బండికి కేస్ మార్చడం గురించి అందరూ మాట్లాడేది ఈ సౌకర్యం వల్లే.

ఇంకో విచిత్రం ఉంది. చాలా ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లలో హై అంటే 1:1, అంటే కేస్ ఏమీ తగ్గించదు. జిప్సీది చిన్న ఇంజిన్ కదా, సుజుకి వాళ్లు హైలో కూడా రిడక్షన్ పెట్టారు. 1.3 లీటర్ బండికి (బయటి దేశాల్లో ఎస్‌జె413, సమురాయ్) హై 1.409, లో 2.268. అంతకుముందు వచ్చిన 1 లీటర్ ఎస్‌జె410కి ఇంజిన్ ఇంకా చిన్నది, అందుకని హై 1.580, లో 2.511. పాత చిన్న బండి కేస్‌ని కొత్త బండికి పెట్టడమే ఈ స్వాప్. భాగించి చూస్తే లోలో దాదాపు 11 శాతం, హైలో 12 శాతం లాభం.

నేను ఈ లెక్కలోకి దిగింది మా మావయ్య వల్ల. పాడేరు అవతల ఉంటాడు, పాత జిప్సీ కింగ్‌లో కాఫీ, మిరియాల బస్తాలు దించుతుంటాడు. రోడ్డు బాగోదని 205/70 తీసేసి 215/75 టైర్లు వేయించాడు. అప్పటినుంచి ఏటవాలులో లోడుతో ఆగి మళ్లీ కదలాలంటే క్లచ్ వాసన. ఏడాదిలో రెండు క్లచ్ ప్లేట్లు పోయాయి. పాత సామాను కొట్టులో 410 కేస్ ఒకటి దొరికితే, "అల్లుడూ, నువ్వు మెకానికల్ కదా, ఇది పెడితే పనవుద్దా లేదా చెప్పు" అని ఫోన్ చేశాడు.

ముందు టైరు సంగతి చూద్దాం. 205/70 ఆర్15 వ్యాసం దాదాపు 668 మిల్లీమీటర్లు, 215/75 ది 703. అంటే టైరు 5 శాతం పెద్దదైంది, గేరింగ్ అంత బరువెక్కింది. క్లచ్ వాసనకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఇప్పుడు లో రేంజి ఫస్ట్ గేర్ చూడండి. గేర్‌బాక్స్ 3.652, కేస్ 2.268, యాక్సిల్ 3.727, మూడూ గుణిస్తే 30.9. కేస్ మారిస్తే 34.2. పెద్ద టైరుతో, ఇంజిన్ 900 ఆర్పీఎం దగ్గర ఉంటే, గంటకి 3.9 కిలోమీటర్ల వేగం 3.5కి దిగుతుంది.

"ఇంతేనా?" అన్నాడు మావయ్య. అవును, ఇంతే. టైరు తినేసిన 5 శాతం పోగా కంపెనీ బండి కన్నా చేతికి మిగిలేది ఇంకో 5. రాళ్ల మీద పాకించే సరదా ఉన్నవాళ్లకి ఇది చాలదు. వాళ్లు బయట దొరికే 4.16 లో గేర్ సెట్ వేసుకుంటారు, దాంతో ఫస్ట్ గేర్ మొత్తం 56 దాటుతుంది. కానీ బస్తాల బండికి కావాల్సింది పాకడం కాదు, క్లచ్ జారకుండా కదలడం. దానికి పదకొండు శాతం తక్కువేం కాదని నా అభిప్రాయం.

దీని ఖరీదు హైవే మీద కట్టాలి. హై రేషియో కూడా మారింది కదా. పెద్ద టైరుతో 80 కిలోమీటర్ల వేగంలో, ఐదో గేర్‌లో, ఇంజిన్ దాదాపు 2520 ఆర్పీఎం తిరిగేది, కేస్ మార్చాక 2820. కంపెనీ టైర్లతో 2650 ఉండేది కాబట్టి మరీ ఘోరం కాదు. చిన్న టైర్లే ఉంచుకుని రోజూ హైవే తొక్కేవాళ్లకి మాత్రం నేనైతే వద్దనే చెప్తాను. శబ్దమూ పెరుగుద్ది, పెట్రోలూ తాగుద్ది.

కేస్ బదులు యాక్సిళ్ల రేషియో మార్చొచ్చు కదా అని అడగొచ్చు. 410 యాక్సిల్ 4.11, లాభం దాదాపు అంతే. కాకపోతే ముందూ వెనకా రెండూ మార్చాలి. ఒక్కటే మార్చి ఫోర్ వీల్‌లో పెడితే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగాలని చూస్తాయి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి షాఫ్టులు మెలిపడి ఏదో ఒకటి విరుగుద్ది. కేస్ మారిస్తే ఆ బాధ లేదు, రెండు వైపులకీ ఒకే రేషియో వెళ్తుంది.

కొనేముందు చూడాల్సినవి కొన్ని. ఫ్లాంజ్ బోల్టు రంధ్రాలు మన షాఫ్టులకి సరిపోతున్నాయా, లేకపోతే మన పాత ఫ్లాంజ్ దాని స్ప్లైన్‌కి ఎక్కుతుందా, కొట్టులోనే పెట్టి చూసుకోవాలి. అవుట్‌పుట్ షాఫ్ట్ పట్టుకుని పైకీ కిందకీ ఊపాలి, ఆడితే బేరింగులు పోయినట్టే. ఎలాగూ విప్పుతాం కాబట్టి బేరింగులు, సీళ్లు కొత్తవి వేసుకోవడమే తెలివైన పని. రబ్బరు మౌంట్లు కూడా మార్చాలి, చివికిపోయిన మౌంట్ల మీద ఏ కేస్ పెట్టినా వైబ్రేషన్ తప్పదు.

స్పీడోమీటర్ కేబుల్ ఈ కేస్ నుంచే వస్తుంది. 410ది 4.11 యాక్సిల్‌కి తగ్గ గేర్ అయితే, మన 3.73 యాక్సిల్‌తో 9 శాతం తక్కువ చూపిస్తుంది. ముల్లు 60 మీద ఉంటే అసలు వేగం 66. ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూడాలి, తేడా ఉంటే ఆ గేర్ల జత మార్చాలి.

కేస్ బిగించిన మేస్త్రి చెప్పిన మాట నాకు అన్నిటికన్నా నచ్చింది. "ఎక్కడం ఇంజిన్ సూసుకుంటాది బాబూ, దిగడం బ్రేకులు సూసుకోవాల." లో రేంజిలో ఇంజిన్ బ్రేకింగ్ పదకొండు శాతం పెరిగిన మాట నిజమే. ఆ ధైర్యంతో ఇంకో రెండు బస్తాలు ఎక్కించారో, లాభం అక్కడే పోయింది. అందుకే అదే రోజు వెనక డ్రమ్ములు విప్పించి లైనింగులు కూడా మార్పించాడు మావయ్య.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధమైన మార్పులు కుదరవంది. కేస్ రేషియో ఆర్‌సీ మీద కనబడదు, అయినా ఆర్టీవో ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్లనీ ముందే అడగడం మేలు.

బిగించాక మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్ దించి, డ్రెయిన్ ప్లగ్‌ని చేత్తో తుడిచి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి ఉంటే ఫర్వాలేదు. గోటికి తగిలేంత ముక్కలుంటే బండి అక్కడే ఆపి కేస్ మళ్లీ దించాల్సిందే.