ఆలుమగలిద్దరినీ ఎందుకు అడుగుతారు?
ఏళ్ల తరబడి సాగే ఆరోగ్య పరిశోధనల గురించి మన కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుండి మా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు అప్పుడప్పుడు మమ్మల్ని ఒక మాట అడుగుతుంటాయి. "ఆరోగ్య సర్వే అని ఇంటికి వచ్చారు సిస్టర్. బి.పి. చూశారు, వేలి నుండి రక్తపు చుక్క తీసుకున్నారు. మళ్ళీ కొన్నేళ్లకు వస్తామన్నారు. మాకు జబ్బేమీ లేదు కదా, మళ్ళీ రావడం దేనికి? మావారి గురించి తెలుసుకోవాలంటే మావారిని అడగాలి గాని, నన్ను కూడా కూర్చోబెట్టి ఎందుకు అడిగారు?"

మంచి ప్రశ్నలే. ఈ సంచికలో వాటికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తున్నాము. పాల్గొనాలా వద్దా అన్నది మీ ఇష్టం. కాని ఆ నిర్ణయం భయం వలన గాని, మొహమాటం వలన గాని కాకుండా, తెలిసి తీసుకోవాలన్నదే మా కోరిక.

ఒక్కసారి చూస్తే తెలియదు

వార్డులో ప్రతి రోగి మంచం దగ్గర ఒక చార్టు ఉంటుంది. ఉదయం 6 గంటలకు జ్వరం ఎంత, 10 గంటలకు ఎంత, రాత్రికి ఎంత అని మా నర్సులు అందులో గుర్తు పెడతారు. ఒక్క కొలత చూసి డాక్టరుగారు తేల్చి చెప్పరు. ఆ గుర్తులన్నీ కలిపి గీత గీస్తేనే జ్వరం దిగుతోందో, రోజూ సాయంత్రానికి ఎక్కుతోందో అర్థమవుతుంది.

ఏళ్ల తరబడి సాగే పరిశోధన కూడా అటువంటి చార్టే. అందులో గంటలకు బదులు సంవత్సరాలు ఉంటాయి. ఒక్క రోగికి బదులు వేలమంది ఉంటారు. మొదలుపెట్టిన రోజున వారిలో చాలామంది ఆరోగ్యంగానే ఉంటారు. ఎవరికి జబ్బు వచ్చింది, ఎవరికి రాలేదు, తేడా ఎక్కడ మొదలైంది అన్నది తెలియాలంటే ఆరోగ్యవంతుల వివరాలు కూడా కావాలి.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 1948లో 5,209 మందితో ఇటువంటి పరిశోధన మొదలైంది. వారు సుమారు రెండేళ్లకొకసారి వచ్చి పరీక్షలు చేయించుకున్నారు. అధిక రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీస్తాయని ఈనాడు మేము మీకు చెప్పే మాటలకు ముఖ్యమైన ఆధారాల్లో అది ఒకటి. 1971లో వారి పిల్లలను, ఆ పిల్లల భార్యలను, భర్తలను కూడా చేర్చుకున్నారు.

దివిసీమవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో వచ్చిన నీరు కొన్నాళ్లకు తీసింది. అయినవారిని పోగొట్టుకున్న దుఃఖం మాత్రం ఏళ్ల తరబడి ఆ ఇళ్లలో ఉండిపోయింది. నెల తిరక్కుండా ఒకసారి వచ్చి నష్టం లెక్క రాసుకుని వెళ్లినవారికి ఈ రెండోది కనిపించదు.

రిజర్వు సైనికుల ఇళ్లలో తెలిసిన సంగతి

భార్యాభర్తలిద్దరినీ ఎందుకు అడగాలో బాగా తెలియజెప్పినవి సైనికుల ఆరోగ్యంపై జరిగిన పరిశోధనలు. మన సంఘాల్లోనూ సైన్యంలో పనిచేసి వచ్చినవారి కుటుంబాలు ఉన్నాయి గనుక దీనిని కొంచెం వివరంగా చెబుతాము.

రిజర్వు సైనికుడంటే పూర్తికాలం సైన్యంలో ఉండేవాడు కాదు. మామూలు రోజుల్లో తన ఉద్యోగమో, వ్యాపారమో చేసుకుంటూ, మధ్యలో శిక్షణ పొందుతూ, దేశం పిలిచినప్పుడు యూనిఫాం వేసుకుని వెళ్తాడు. మన దేశంలో 1949లో ప్రారంభమైన టెరిటోరియల్ ఆర్మీ ఇటువంటిదే.

2003లో ఇరాక్ యుద్ధానికి బ్రిటన్ పూర్తికాల సైనికులతో పాటు రిజర్వు సైనికులను కూడా పంపింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు యుద్ధానికి వెళ్లివచ్చినవారిని, వెళ్లనివారిని పోల్చి చూశారు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం, పూర్తికాల సైనికుల్లో ఈ రెండు వర్గాలకు మానసిక ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు. రిజర్వు సైనికుల్లో మాత్రం వెళ్లివచ్చినవారికి దిగులు, ఆందోళన, అలసట వంటి బాధలు ఎక్కువగా ఉన్నాయి. భయంకరమైన అనుభవం పదేపదే గుర్తుకు రావడం, నిద్రలో ఉలిక్కిపడటం, చిన్న చప్పుడుకే అదిరిపడటం వంటి లక్షణాలు కూడా వారిలో ఎక్కువే. ఈ జబ్బును డాక్టర్లు పి.టి.ఎస్.డి. అంటారు.

కారణం వెతికినప్పుడు ఎవరూ అనుకోని సంగతి ఒకటి బయటపడింది. పి.టి.ఎస్.డి. లక్షణాలకు యుద్ధరంగంలో జరిగినవాటికంటే, ఆ సమయంలో ఇంటి దగ్గర వచ్చిన సమస్యలతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. ఈ విషయం 2007లో ప్రచురించారు. మనిషి ఎడారిలో ఉన్నాడు, మనస్సు ఇంటి దగ్గర ఉంది.

పరిశోధన అక్కడితో ఆగిపోయి ఉంటే సగమే తెలిసేది. సుమారు అయిదేళ్ల తరువాత ఆ రిజర్వు సైనికులనే మళ్ళీ అడిగారు. దిగులు, ఆందోళనల విషయంలో మొదట్లో కనిపించిన తేడా పోయింది. పి.టి.ఎస్.డి. విషయంలో మాత్రం తేడా మిగిలే ఉంది. పైగా, వెళ్లివచ్చినవారు జీవిత భాగస్వామి నుండి విడిపోవడమో, విడిపోవాలని గట్టిగా ఆలోచించడమో కూడా ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2012లో వచ్చాయి.

పూర్తికాల సైనికుడు తిరిగి వచ్చేది తనతో పాటు అన్నీ చూసిన తోటివారి మధ్యకు. రిజర్వు సైనికుడు తిరిగి వచ్చేది తన ఊరికి, తన ఆఫీసుకు. అక్కడ ఎవరికీ ఆ అనుభవం తెలియదు. ఆ భారం పంచుకోవలసింది చాలాసార్లు భార్యే. ఆమె నిద్ర, ఆమె రక్తపోటు, పిల్లల చదువు కూడా ఆ యుద్ధం లెక్కలోకి వస్తాయి. అమెరికాలో 2001లో మొదలైన మిలీనియం కోహార్ట్ స్టడీలో రిజర్వు సైనికులతో కలిపి 2 లక్షల 60 వేలమందికి పైగా చేరారు. 2011 నుండి వారి భార్యలు, భర్తల కొరకు ప్రత్యేకంగా మరో పరిశోధన ప్రారంభించారు.

మన తెలుగు పల్లెల్లో

ఇదంతా పరదేశాల సంగతి అనుకోకండి. హైదరాబాదు దగ్గర 29 గ్రామాల్లో 1987 నుండి 1990 వరకు గర్భిణీ స్త్రీలకు, చిన్నపిల్లలకు ఇచ్చే అదనపు పోషకాహారంపై ఒక పరిశోధన జరిగింది. 15 గ్రామాల్లో ఆ ఆహారం అందుతోంది, 14 గ్రామాల్లో అప్పటికి ఇంకా మొదలుకాలేదు. పుట్టిన పిల్లల బరువులో తేడా ఉందా అన్నది అప్పటి ప్రశ్న.

2003-05లో ఆ తల్లులను, పిల్లలను వెతికి పట్టుకుని మళ్ళీ పరీక్షించారు. 13 నుండి 18 ఏళ్ల వయసున్న 1,165 మంది పిల్లలను చూశారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. అంతకంటే ముఖ్యమైనది, వారి రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది, ఇన్సులిన్ వారి ఒంట్లో మెరుగ్గా పనిచేస్తోంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి పదిహేనేళ్ల తరువాత గుండెకు, షుగరుకు సంబంధించిన కొలతల్లో కనిపించింది. 1990లో ఈ సంగతి ఎవరూ చెప్పగలిగి ఉండేవారు కాదు.

2010-12లో తండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని దానికి పేరు. ఆ విడతలో 10,213 మందికి గాను సుమారు 6,225 మందిని చూడగలిగారు.

ఆలుమగలను కలిపి చూసే మరో పెద్ద పరిశోధన లాసి. మన కేంద్ర ఆరోగ్య శాఖ ఆధ్వర్యంలో 2017లో మొదలైంది. 45 ఏళ్లు దాటినవారిని, వారి జీవిత భాగస్వామి వయసు ఎంతైనా సరే, ఇద్దరినీ అడిగారు. మొదటి విడతలో దేశమంతటా 72 వేలమందికి పైగా పాల్గొన్నారు. బి.పి., చేతి పట్టు బలం, ఊపిరి బలం కొలిచారు, వేలి నుండి రక్తపు చుక్కలు తీసుకున్నారు.

ఇద్దరినీ అడగడంలో అర్థం

ఒక ఇంటిలో ఆలుమగలు ఒకే కూర తింటారు, ఒకే నీళ్లు తాగుతారు, ఒకే అప్పు గురించి ఆలోచిస్తారు. ఆయన రాత్రి ఎన్నిసార్లు లేస్తారో ఆయనకంటే ఆమెకే బాగా తెలుసు. ఆమె మాత్రలు మానేసిన సంగతి ఆయనకు తెలుస్తుంది. ఒకరి జబ్బు రెండోవారి జీవితాన్ని మార్చేస్తుంది. పక్షవాతం వచ్చిన భర్తకు సేవచేసే భార్య తన బి.పి. చూపించుకోవడం మరచిపోవడం మా వార్డులో మేము తరచుగా చూసేదే.

అయితే ఒక మాట. ఇద్దరినీ అడగడమంటే ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడగడం కాదు. తాగుడు, కొట్టడం, మనస్సులోని దిగులు వంటి ప్రశ్నలు విడిగా, చాటుగా అడగాలి. భర్త చెప్పినది భార్యకు గాని, భార్య చెప్పినది భర్తకు గాని చెప్పరాదు. అత్తగారు, మామగారు గుమ్మంలో నిలబడి వింటుంటే, "ఇప్పుడు వద్దండి, వేరే సమయంలో రండి" అని చెప్పే హక్కు మీకు ఉంది. అలాగే భర్త ఒప్పుకున్నంత మాత్రాన భార్య ఒప్పుకున్నట్టు కాదు. ఎవరి సంతకం వారిది.

సంతకం పెట్టేముందు

అంగీకారం సరిగా తీసుకోకపోతే ఏమవుతుందో మన తెలుగునేల చూసింది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాను సుమారు 14,000 మంది బాలికలకు ఒక ప్రాజెక్టు కింద వేశారు. చాలామంది గిరిజన బాలికలకు తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకం చేశారన్న విషయం బయటికి వచ్చింది. 2010లో ఆ ప్రాజెక్టు నిలిచిపోయింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దానిని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ సమయంలో జరిగిన మరణాలకు టీకాతో సంబంధం లేనట్టే కనిపిస్తోందని విచారణలో తేలింది. అయినా మంచి టీకాపై కూడా జనానికి అనుమానం మిగిలిపోయింది.

భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మీకు అర్థమయ్యే భాషలో అన్నీ చెప్పిన తరువాతే అంగీకారం తీసుకోవాలి. చదువు రానివారు వేలిముద్ర వేసేటప్పుడు పరిశోధనకు సంబంధం లేని సాక్షి ఒకరు ఉండాలి. కాబట్టి ఈ ప్రశ్నలు అడగండి:

1. ఈ పరిశోధన ఏ సంస్థ చేస్తోంది? ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా?
2. ఎన్నేళ్లు సాగుతుంది? ఎన్నిసార్లు వస్తారు? ప్రతిసారి ఏమేమి చేస్తారు?
3. రక్తం ఎంత తీస్తారు? దానిని దాచి ఉంచుతారా? తరువాత వేరే పనికి వాడతారా?
4. మా పేరు, మా జవాబులు ఎవరెవరు చూస్తారు?
5. ఏదైనా జబ్బు బయటపడితే మాకు చెబుతారా? కాగితంపై రాసి ఇస్తారా?
6. మధ్యలో మానుకుంటే ఏమవుతుంది?

చివరి ప్రశ్నకు జవాబు ఇప్పుడే చెబుతున్నాము. ఎప్పుడైనా మానుకోవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. పాల్గొనకపోయినా, మధ్యలో మానుకున్నా, ఆసుపత్రిలో మీకు అందే వైద్యం ఏమాత్రం తగ్గకూడదు. సమాచార పత్రం ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఆరోగ్య పరిశోధకులు ఎవరూ మీ బ్యాంకు పిన్ గాని, ఫోనుకు వచ్చే ఓ.టి.పి. గాని అడగరు. అడిగితే వారిని బయటికి పంపించండి.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోండి. పరిశోధన వైద్యం కాదు. వారు బి.పి. చూశారు గదా అని మీ చెకప్ మానవద్దు. ఎక్కువ ఉందని చెబితే ఆ కాగితం తీసుకుని వెంటనే ఓ.పి.కి రండి.

మళ్ళీ వచ్చినప్పుడు

ఒప్పుకున్నవారిని మేము కోరేది ఒక్కటే. రెండోసారి, మూడోసారి వచ్చినప్పుడు కూడా వీలైతే మాట్లాడండి. ఆడపిల్ల పెళ్లై వెళ్లిపోతుంది, అబ్బాయి హైదరాబాదుకు పనికి పోతాడు, ఫోను నంబరు మారిపోతుంది. జబ్బుపడినవారు ఓపిక లేక రారు, తాగుడు అలవాటున్నవారు సిగ్గుపడి రారు. ఇలా తప్పిపోయినవారు ఒకే రకం వారైతే, మిగిలినవారిని చూసి ఊరంతా బాగుందని రాసుకుంటారు. ఆ లెక్కను నమ్మి వేసే పథకంలో అసలు బాధపడేవారికి చోటు ఉండదు. "మా ఇంట్లో చెప్పుకోవడానికేముంది" అనుకునేవారి జవాబు కూడా అందుకే కావాలి. దాని ఫలం మీకు కాకపోయినా మీ మనుమలకు అందవచ్చు. ఆ 29 గ్రామాల తల్లుల ఓపిక వలన తెలిసినది ఈనాడు మన గర్భిణీ స్త్రీలకు మేము చెబుతున్నాము.

సైన్యం నుండి, వేట నుండి, పరదేశపు పని నుండి తిరిగి వచ్చిన మనిషి నిద్రపట్టక, మాటలాడక, కోపంతో రగిలిపోతుంటే అది స్వభావం అని సరిపెట్టుకోవద్దు. అది వైద్యం ఉన్న బాధ కావచ్చు. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఆయన ఒక్కరే కాదు, ఆమె కూడా చేయవచ్చు.

పరిశోధనకు సంబంధించిన కాగితం ఏదైనా మీకు ఇచ్చి, అది అర్థం కాకపోతే సంతకం పెట్టకముందే మా దగ్గరకు తీసుకురండి. డ్యూటీలో ఉన్న నర్సు ఎవరైనా కూర్చోబెట్టి చదివి చెబుతారు. ఆలుమగలిద్దరూ కలిసి వస్తే మరీ మంచిది.